మీ ముందు తొమ్మిదిమంది ఉన్నారు

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మీ ముందు తొమ్మిదిమంది ఉన్నారు."

ఆ మాట చెప్పి ఫోన్‌లోని ఆడగొంతు తప్పుకుంది. అకార్డియన్ పాట మళ్ళీ మొదలైంది. యావొర్ ఆ ఫోన్‌ని కిటికీ గట్టు మీద ఒక మూలకి ఆనించి పెట్టాడు. నేలమాళిగ గదిలో సిగ్నల్ అందేది ఆ మూలలోనే. అదీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

"ఆపండి దాన్ని," అంది ఇన్‌స్పెక్టర్ రుమ్యానా తోషెవా.

"ఆపలేను మేడమ్. ఆపితే మళ్ళీ వరస చివరికి పోతాను."

"ఎవరికి చేస్తున్నారు?"

"త్రిమోర్ వాళ్ళకి, మా నెట్ కంపెనీకి. పొద్దున లైను పోయిన మాట నిజమేనని ఒక్క ముక్క రాసిస్తే చాలు. సాయంత్రం ఐదింటికి ప్రాసిక్యూటర్ నా అరెస్టు మీద సంతకం పెడతాడట కదా."

సంతకం పెడతాడన్నది నిజమే. ఆ మాట యావొర్ చెవిన వేసింది ఎవరన్నదే రుమ్యానాకి అర్థం కాలేదు.

గదిలో ఒక సర్వర్, రెండు రూటర్లు, ఒక ఫ్యాను, విరిగిన కుర్చీ. యావొర్ పనిచేసే 'గ్రిజా' అనే చిన్న సంస్థకి ఉన్న ఆస్తి మొత్తం ఇదే. ప్లెవెన్ ఊళ్ళో ఒంటరిగా బతికే మూడువందల పైచిలుకు ముసలివాళ్ళ మెడలో గ్రిజా బటన్ వేలాడుతూ ఉంటుంది. పడిపోయినా, గుండెలో నొప్పి వచ్చినా నొక్కుతారు. ఆ కబురు ఈ సర్వర్‌కి వస్తుంది, ఇక్కడినుంచి అంబులెన్సుకి పోతుంది. ఇవాళ పొద్దున ముప్పావుగంటసేపు ఈ సర్వర్‌కి లోకంతో సంబంధం తెగిపోయింది. సరిగ్గా ఆ ముప్పావుగంటలోనే తొదోర్ గెన్చెవ్ అనే డెబ్భై నాలుగేళ్ళ మనిషి నాలుగుసార్లు బటన్ నొక్కినట్టు అందులో నమోదైంది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం పక్కింటివాళ్ళు చూసేసరికి స్నానాలగదిలో, తల వెనక దెబ్బతో, బటన్ మీద బొటనవేలు ఉంచి చచ్చిపోయి ఉన్నాడు.

గెన్చెవ్ త్రిమోర్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. వచ్చే సోమవారం కోర్టులో అదే త్రిమోర్ మీద సాక్ష్యం చెప్పాల్సినవాడు.

"లైను ఎప్పుడు పోయింది?"

"తొమ్మిది నలభైకి."

"ఎప్పుడొచ్చింది?"

"పది ఇరవై ఐదుకి."

"కంపెనీ రిపోర్టులో లైను పోలేదనే ఉంది. తొమ్మిది యాభైకి మీ రూటర్‌ని మీరే ఆపేశారట. వాళ్ళ రికార్డులో కనిపిస్తోంది."

యావొర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆపమన్నది వాళ్ళే మేడమ్! ఫోన్ చేస్తే మొదట చెప్పేదే అది, రూటర్ ఆపి మళ్ళీ పెట్టండని. పెట్టనంటే ఫిర్యాదే తీసుకోరు."

"పెట్టానని ఒక మాట అనేయొచ్చుగా?"

"ఒకసారి అన్నాను. అబద్ధమని అక్కడ తెలిసిపోతుందట. ఆ అమ్మాయి చీవాట్లు పెట్టింది. అందుకని ఇవాళ నిజంగానే ఆపాను. ఇప్పుడు ఆపింది నేనేనని రాశారు."

"రెండో లైను ఎందుకు పెట్టుకోలేదు?"

"పెట్టుకున్నాను. మా మేనేజర్‌తో ఏడాది పోట్లాడి పెట్టించాను. వేరే కంపెనీ, వేరే బిల్లు, వేరే రంగు తీగ." రెండో రూటర్‌కి తగిలించిన ఎర్ర తీగని చూపుడువేలితో తాకాడు. "వాళ్ళకి ఈ వీధిలో సొంత లైనే లేదని ఇవాళ తెలిసింది. త్రిమోర్ దగ్గర అద్దెకి తీసుకున్నారు. రెండూ పైన మెట్ల దగ్గర ఒకే పెట్టెలోంచి వస్తాయి. పెట్టె తాళంచెవి త్రిమోర్ దగ్గర ఉంటుంది."

"లైను లేనంతసేపూ మీరు ఈ గదిలోనే ఉన్నారా?"

అతను తల వంచుకున్నాడు. "లేను. నా ముందు ఇంక ఇద్దరే ఉన్నారనగా ఇక్కడ సిగ్నల్ పోయింది. మళ్ళీ మొదటినుంచి. అందుకే వెనక తలుపులోంచి పెరట్లోకి వెళ్ళి ఉయ్యాలల దగ్గర నిలబడి చేశాను."

"చూసినవాళ్ళు?"

"పసిపిల్లతో ఒకావిడ ఉంది. ఫోన్‌లో నేను అరిచే అరుపులు విని పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది."

"అంటే సర్వర్‌ని వదిలేసి బయటికి వెళ్ళారు."

"సర్వర్ కోసమే వెళ్ళాను మేడమ్." అతను జేబులోంచి ఇంకో ఫోన్ తీశాడు. "ఇది చూడండి. పది ఇరవై ఆరుకి వచ్చింది."

రుమ్యానా చదివింది. *మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?* కింద ఐదు నక్షత్రాలు వెలుగుతున్నాయి.

"ఐదు ఇచ్చారా!"

"తక్కువ ఇస్తే కారణం రాయమంటుంది. అప్పుడు నాకంత తీరిక లేదు."

రుమ్యానాకి నవ్వొచ్చింది. ఆ వెంటనే జాలేసింది. ఈ వృత్తిలో ఆమె చాలామంది దోషుల్ని చూసింది. తప్పు చేసినవాడు తన మీదికి వచ్చే చిక్కుల్ని ఇంత ఓపిగ్గా తానే పేర్చిపెట్టడు.

"పద, ఆ పెట్టె చూపించు," అంది. మీరు అనడం మానేసిన సంగతి ఆమె గమనించుకోలేదు. యావొర్ గమనించాడు. ఫోన్‌ని నిండు గిన్నెలా అరచేతిలో పట్టుకుని ముందు నడిచాడు.

"మీ ముందు ఏడుగురు ఉన్నారు," అంది ఫోన్.

*

ఆ పెట్టె రెండు రెక్కల ఇనప పెట్టె. గుమ్మం లోపల, ఉత్తరాల డబ్బాల పక్కన గోడకి బిగించి ఉంది. రుమ్యానా తాళం చూసింది. గీతలు లేవు. విరగ్గొట్టిన గుర్తూ లేదు. తీసినవాడు తాళంచెవితోనే తీశాడు.

పెట్టె రెక్కల మీద నల్ల అంచు కాగితం ఒకటి అంటించి ఉంది. మీసాలాయన ఫొటో, కింద పేరు: కిరిల్ వెలెవ్, మమ్మల్ని వదిలి నలభై రోజులు. పోయినవాళ్ళ గుర్తుగా అంటించే ఇలాంటి కాగితాలు ఊళ్ళో ప్రతి తలుపుకీ ఉంటాయి, ఎవరూ ఆగి చూడరు. రుమ్యానా కూడా పక్కకి చూపు తిప్పేసి, మళ్ళీ వెనక్కి చూసింది.

కాగితం నిలువునా కోసి ఉంది. రెండు రెక్కలూ కలిసేచోట, సరిగ్గా ఫొటో ముక్కు మీదుగా, బ్లేడుతో గీసినట్టు ఒక్క గీత. ఆ గీత పొడవునా సన్నటి పసుపు టేపు ముక్కలు వేసి మళ్ళీ అతికించారు. ఏదో మొక్కుబడిగా కాదు. ఈ కంటికి ఆ కన్ను, ఈ మీసానికి ఆ మీసం సరిపోయేలా, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"ఈ టేపు?"

యావొర్ వంగి చూశాడు. "త్రిమోర్ పనివాళ్ళది. తీగలకి గుర్తుగా ఇదే చుడతారు. నా గదిలో తీగలకీ ఉంది."

గుమ్మం తలుపు తోసుకుని నల్ల తలగుడ్డ కట్టుకున్న పెద్దావిడ లోపలికొచ్చింది. చేతిలో మూతపెట్టిన డబ్బా. మెడలో గ్రిజా బటన్, దాని మీద లైను ఉందని చెప్పే చిన్న ఆకుపచ్చ దీపం.

"వెస్కా పిన్ని. రెండో అంతస్తు," అన్నాడు యావొర్ మెల్లగా. "నెలకి నాలుగుసార్లు నొక్కుతుంది. టీవీ రాకపోయినా మమ్మల్నే పిలుస్తుంది."

"మీ లైను వస్తే కదా నా టీవీ వచ్చేది," అంది ఆవిడ. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "ఎవరీ అమ్మాయి? పెళ్ళి చేసుకున్నావా?"

"పోలీసు, పిన్నీ."

"మంచిదే. ఎవరో ఒకరు నిన్ను అదుపులో పెట్టాలి."

రుమ్యానా కాగితం చూపించింది. "ఇది ఎప్పుడు అంటించారు పిన్నిగారూ?"

"ఇవాళ పొద్దున ఎనిమిదిన్నరకి. నలభయ్యో రోజు కదా. గుమ్మం తలుపు మీద ఖాళీ లేదు. ఈ చలికాలం మా భవనంలోవాళ్ళు చాలామందే పోయారు. అందుకని దీని మీద వేశాను. బోలెడు జిగురు పూశాను, ఊడిపోకూడదని."

"అప్పటికే ఇలా చీలి ఉందా?"

"నా మొగుడి మొహం రెండు ముక్కలు చేసి అంటిస్తానా అమ్మాయీ!" ఆవిడ కాగితానికి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళి చూసింది. "అయ్యో, నిజమే. చీలింది. ఎవరో అతికించారు పాపం. ఆ బాబే అయ్యుంటాడు."

"ఏ బాబు?"

"నేను స్మశానానికి బయలుదేరి కిందికి దిగేసరికి ఒకాయన ఇక్కడే నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, అరచేత్తో కాగితాన్ని నిమురుతున్నాడు. మా ఆయన్ని ఎరిగినవాడు, దణ్ణం పెట్టుకుంటున్నాడు అనుకున్నాను. ఈ రోజుల్లో టోపీ తీసేవాళ్ళెవరు? డబ్బాలోంచి, పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమలు తీసి పెట్టాను. 'దేవుడు ఆయన్ని మన్నించుగాక' అని తిని వెళ్ళాడు."

"టైమెంతయింది అప్పుడు?"

"పదిన్నర బస్సు అందుకున్నాను. అంతకు కాస్త ముందు."

యావొర్, రుమ్యానా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైను తిరిగి వచ్చింది పది ఇరవై ఐదుకి.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"మనిషి. కోటు. కళ్ళజోడు పెట్టుకోలేదు తల్లీ, ఏడుస్తుంటే మసకలు కడుతుందని. కానీ గొంతు విన్నానంటే పట్టేస్తాను. పదండి, చలిలో ఎందుకు, కాఫీ పెడతాను."

"మేం తర్వాత వస్తాం. మీరు వెళ్ళండి."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళింది. రుమ్యానా ఫోన్ తీసి కాగితాన్ని నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీసింది. నాలుగోది తీస్తుండగా గుమ్మం ముందు త్రిమోర్ వ్యాను ఆగింది.

*

దిగినవాడు లచెజార్ బోనెవ్. వెనక ఇద్దరు పనివాళ్ళు, వాళ్ళ చేతుల్లో స్క్రూలు విప్పే సామాను. లచెజార్ ఆరేళ్ళ కిందటిదాకా రుమ్యానా పక్క బల్లమీదే కూర్చుని పోలీసు ఉద్యోగం చేశాడు. ఇప్పుడు త్రిమోర్‌లో భద్రతాధికారి. కంపెనీ రిపోర్టు మీద సంతకం అతనిదే.

"ఇంకా ఇక్కడే ఉన్నావా రుమ్యానా? ఈపాటికి వీణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళావనుకున్నాను."

"సంతకం కాకముందే అరెస్టు కబురు ఇతనికి చేరింది. నువ్వేనా చెప్పింది?"

"మంచి మాట ముందే చెప్పడం తప్పా?" యావొర్ భుజం తట్టాడు. "ఐదు నక్షత్రాలు ఇచ్చావట, థాంక్స్ తమ్ముడూ. రిపోర్టులో అది కూడా రాశాను. సేవలో లోపం ఉంటే ఎవడైనా ఐదు ఇస్తాడా?"

"లోపం లేకపోతే పరిష్కరించామని ఎందుకు పంపారు?" అన్నాడు యావొర్.

"అది యంత్రం పంపుతుంది. దానికేం తెలుసు?"

"మరి నేను రూటర్ ఆపానని చెప్పింది?"

"అది కూడా యంత్రమే. దానికి అన్నీ తెలుసు."

పనివాళ్ళు నవ్వారు. లచెజార్ వాళ్ళకి సైగ చేశాడు. "పాత పెట్టె. మార్చేస్తున్నాం. కానివ్వండి."

రుమ్యానా పెట్టెకి అడ్డంగా నిలబడింది. "దీన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఇవాళ పొద్దున ఎవరో దీన్ని తాళంచెవితో తీశారు."

"మావాళ్ళెవరూ రాలేదు. వచ్చినట్టు మా రికార్డులో రాసి లేదు, చూపిస్తాను కావాలంటే."

"రాయకుండా వచ్చాడు. వచ్చేసరికి రెక్కల మీద కాగితం ఉంది. బాగా జిగురు పూసి అంటించింది, లాగితే రాలేదు. బ్లేడుతో కోశాడు. రెండు లైన్లూ పీకాడు. కూర్చుని ఎదురుచూశాడు. అవతల గెన్చెవ్ ఇంట్లో పని అయిందని కబురు రాగానే మళ్ళీ పెట్టాడు. అప్పుడు ఆ కాగితాన్ని చించి పారేస్తే నాకేమీ దొరికేది కాదు లచెజార్. ఇలాంటివి రోజూ ఊడి పడుతూనే ఉంటాయి, అడిగేవాడు లేడు. కానీ పోయినవాడి మొహాన్ని రెండుగా చీల్చి వదిలి వెళ్ళడానికి అతనికి మనసు రాలేదు. జేబులో ఉన్న టేపు తీసి, కన్నుకి కన్ను కలిపి అతికించాడు. మీ టేపు."

లచెజార్ కాగితం వైపు చూడలేదు. దాన్ని తప్ప మిగతా అన్నిటినీ చూశాడు.

"ఆ టేపు బజార్లో ఎవడైనా కొనుక్కోవచ్చు."

"కొనుక్కోవచ్చు. అతికించే ఆ ఓపిక మాత్రం బజార్లో దొరకదు. చింపిన సాక్ష్యం కాగితాలు అతకాలంటే స్టేషన్‌లో మేమందరం నీ బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళం."

"మీ ముందు ముగ్గురు ఉన్నారు," అంది యావొర్ చేతిలోని ఫోన్.

లచెజార్ తన ఫోన్ తీశాడు. ఎవరితోనో రెండే మాటలు మాట్లాడాడు. నిమిషం తిరగకుండానే రుమ్యానా ఫోన్ మోగింది. ఆమె పై అధికారి.

"ఆ పెట్టె కంపెనీ ఆస్తి. నీ దగ్గర కోర్టు ఉత్తర్వు ఉందా?"

"ఒక గంట ఇవ్వండి సార్, తెస్తాను."

"లేదు కదా. అడ్డు తప్పుకో. సంతకం ముందే అయిపోయింది, ఆ కుర్రాణ్ణి ఐదింటికల్లా స్టేషన్‌లో అప్పగించు. రాకపోతే పారిపోయాడని రాయాల్సి వస్తుంది."

ఆమె ఫోన్ దించింది. ఒక్క అడుగు పక్కకి వేసింది. ఆ అడుగు వేయడానికి చాలాసేపు పట్టింది.

"తీగలు తీయకండి!" యావొర్ పనివాళ్ళకి అడ్డం వెళ్ళాడు. "మూడువందల మంది ఉన్నారు. ఇప్పుడు ఎవరైనా పడిపోతే? ముందుగా చెప్పకుండా ఎలా తీస్తారు?"

"చెప్పాం," అన్నాడు లచెజార్. అదే క్షణంలో యావొర్ జేబులోని రెండో ఫోన్ టింగుమంది. *ప్రియమైన వినియోగదారులారా, మరమ్మతుల కారణంగా...*

స్క్రూలు ఒక్కొక్కటే ఊడాయి. పెట్టె గోడని వదిలింది. పనివాడు తీగల్ని కత్తిరించి చుట్టేశాడు. ఇద్దరూ పెట్టెని చెరో పక్కా పట్టుకుని ఎత్తారు. మీసాలాయన మొహం గాలిలోకి లేచింది.

"నా మొగుణ్ణి ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

మెట్ల మీద వెస్కా పిన్ని. చేతిలో గోధుమల డబ్బా, ఇంకో చేతిలో చెంచాలు.

లచెజార్ చెయ్యి తనంతట తనే లేచి టోపీ తీసి చంకలో పెట్టింది. రుమ్యానా అది చూసింది. చావు జరిగిన ఏ ఇంటికి వెళ్ళినా, గుమ్మం దాటకముందే అతనలాగే తీసేవాడు. ఆమె ఏమైనా అనేలోపే అతను నోరు కూడా తెరిచేశాడు.

"కంగారు పడకండి పిన్నీ. కొత్త పెట్టె పెడతాం. ఆయన కాగితం కూడా మళ్ళీ అంటిస్తాం."

ఆవిడ మొహం విప్పారింది.

"నువ్వా బాబూ! నువ్వేనా!" గబగబా మూడు మెట్లు దిగింది. "పొద్దున నీకే కదా పెట్టాను. చూశావా అమ్మాయీ, ఈ బాబే. మా ఆయన కాగితం అతికించింది ఈయనే. థాంక్స్ కూడా చెప్పలేదు నేను. తీసుకో నాయనా, ఇంకొంచెం తీసుకో."

చెంచా నిండా గోధుమలు, పైన పంచదార, అతని ముందుకి సాచింది. పనివాళ్ళు పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లచెజార్ ఆ చెంచా వైపు చూశాడు. వద్దనలేకపోయాడు. చెయ్యి చాచి పట్టాడు. పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు.

"దేవుడు మన్నించుగాక అను," అంది రుమ్యానా. "పొద్దున అన్నావుగా."

అతను గోధుమలు మింగి, టోపీ పెట్టుకున్నాడు. గొంతు మళ్ళీ మామూలుగా వచ్చింది.

"ప్రాసిక్యూటర్‌కి చెప్పు. కళ్ళజోడు లేని ముసలావిడ గొంతు గుర్తుపట్టిందని చెప్పు. పెట్టె లేదు, కాగితం లేదు, నీ ఫోన్లో నాలుగు ఫొటోలున్నాయి. ఐదింటికి నువ్వు ఎవర్ని తీసుకురావాలో నీకు తెలుసు." వెస్కా పిన్ని వైపు తిరిగాడు. ఈసారి మర్యాదగా అడిగాడు. "ఒక్కరే ఉంటారా పిన్నీ?"

"ఒక్కదాన్నే నాయనా. కానీ భయం లేదు, ఇదుంది కదా." ఆవిడ మెడలోని బటన్ ఎత్తి చూపించింది.

దాని మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది.

లచెజార్ దాన్ని చూశాడు. రుమ్యానానీ చూశాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. వ్యాను కదిలిన చప్పుడైంది.

రుమ్యానా మెట్టు మీద కూలబడింది. తను స్టేషన్‌కి వెళితే ఈవిడ ఈ మెట్ల మీద ఒంటరిగా మిగులుతుంది, చెవిటి బటన్‌తో. వెళ్ళకపోతే యావొర్ పారిపోయాడని రాస్తారు. ఇంకొక మనిషిని పంపమని పై అధికారిని అడగాలి. కానీ లచెజార్ ఫోన్ చేసిన నిమిషంలోపే తనని తప్పుకోమన్నది ఆయనే.

"మీరు ఇక్కడే ఉండండి మేడమ్," అన్నాడు యావొర్. కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నువ్వెక్కడికి?"

"స్టేషన్‌కి. బస్సు ఉంది, ఐదింటిలోపే వెళ్ళిపోతాను. నన్ను ఎవరూ తీసుకెళ్ళక్కర్లేదు." తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "పిన్నిని ఒంటరిగా వదలకండి. ఇవాళ ఒకరు నొక్కారు, నేను వినలేదు."

"అది నీ తప్పు కాదు యావొర్."

"తెలుసు మేడమ్. అయినా వినలేదు."

"ఏమైంది? ఎవరు వినలేదు? కాఫీ చల్లారిపోతోంది," అంది వెస్కా పిన్ని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ.

యావొర్ చేతిలో అకార్డియన్ పాట చటుక్కున ఆగిపోయింది. ఒక అమ్మాయి గొంతు, నిజమైన మనిషి గొంతు, ఎంతో ప్రేమగా పలికింది.

"నమస్కారమండీ, త్రిమోర్. ఇంతసేపు ఆగినందుకు ధన్యవాదాలు. మీ వీధిలో నాకు ఏ లోపమూ కనిపించడం లేదండీ. రూటర్ ఒకసారి ఆపి మళ్ళీ పెడతారా?"